కావ్యంలో దొరికిన కేసు

అపరాధ పరిశోధన నవలలు రాస్తానని చెబితే పండితులు ముఖం చిట్లిస్తారు. కావ్యాల ఆధారంగా రాస్తానని చెబితే డిటెక్టివ్ పాఠకులు ఆవలిస్తారు. ఈ ఇద్దరి మధ్యా చాలా ఏళ్ళుగా నా బతుకుతెరువు నడుస్తోంది. పాత సాహిత్యంలోంచి ఒక ఊరినీ, ఒక కాలాన్నీ, కొందరు మనుషుల్నీ తీసుకోవడం, అక్కడ జరిగిన నేరాన్ని ఆ కాలపు మనిషి చేతే, ఆ కాలపు తెలివితోనే ఛేదింపజేయడం నా పని. ముందు వారపత్రికలో సీరియల్‌గా వస్తుంది, తర్వాత పుస్తకం అవుతుంది. అచ్చయినవాటి మీద వచ్చే డబ్బు గురించి ఎక్కువ చెప్పను. తెలుగులో నవల రాసి మేడలు కట్టినవాళ్ళు లేకపోలేదు, నేను వాళ్ళలో లేను.

ఈ పనిలోకి నేను ప్రూఫులు దిద్దే బల్ల మీంచి వచ్చాను. విజయవాడలో ఒక ప్రచురణకర్త దగ్గర పొద్దున పూట సంస్కృత నాటకాల తెలుగు అనువాదాలు, మధ్యాహ్నం నుంచి పాకెట్ సైజు డిటెక్టివ్ నవలలు దిద్దేదాన్ని. అప్పటికే అద్దె పుస్తకాల షాపు పుణ్యమా అని కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, రాజు నాకు ఇంట్లోవాళ్ళ లెక్క. అందుకని పొద్దున చదివిన అంకానికి మధ్యాహ్నం నవల బుద్ధి పట్టుకునేది. ప్రూఫ్ రీడరుకి కథతో పని లేదు, ఒక్క అక్షరం దాటిపోకుండా చూడటమే పని. పండితుడు శ్లోకం దగ్గర ఆగుతాడు, మామూలు పాఠకుడు ప్రేమకథ వెంట పోతాడు. పాత్రలు నడుస్తూ అనే చిల్లర మాటలు, రంగసూచనలు, పేరు లేని మనుషులు చెప్పే ముక్కలు చదివేది మాత్రం ప్రూఫులు దిద్దేవాళ్ళే. నా కేసులన్నీ నాకు అక్కడే దొరికాయి.

ఈ దారి వేసింది నేను కాదు. ఉంబెర్తో ఎకో 1980లో ఇటాలియన్‌లో రాసిన ‘ది నేమ్ ఆఫ్ ది రోజ్’ 1327లో ఒక క్రైస్తవ మఠంలో జరుగుతుంది. అక్కడి వరస చావుల వెనక అరిస్టాటిల్ హాస్యం మీద రాశాడని చెప్పే, ఇప్పుడెక్కడా దొరకని గ్రంథం ఉంటుంది. జోసెఫిన్ టే 1951లో రాసిన ‘ది డాటర్ ఆఫ్ టైమ్’లో కాలు విరిగి ఆసుపత్రి మంచాన పడ్డ ఇన్‌స్పెక్టరు, షేక్‌స్పియర్ దుర్మార్గుడిగా ముద్ర వేసిన మూడో రిచర్డు కేసును పడుకునే తిరగదోడతాడు. డచ్చి దౌత్యాధికారి రాబర్ట్ వాన్ గులిక్ 18వ శతాబ్దపు చైనా నేరకథ ఒకటి ఇంగ్లీషు చేసి 1949లో అచ్చు వేయించాడు. తర్వాత అందులోని న్యాయాధికారి డీని తీసుకుని సొంతంగా నవలలే రాశాడు. పి.డి. జేమ్స్ 2011లో జేన్ ఆస్టెన్ నాయికా నాయకుల ఎస్టేటు పక్కన అడవిలో శవాన్ని పడేసింది. ఒకరు పోయిన పుస్తకాన్ని పట్టుకున్నారు, ఒకరు చెడ్డపేరు మోసిన మనిషిని, ఒకరు పాత కథాపద్ధతిని, ఒకరు పెళ్ళితో ముగిసిన కథలో ఆ పెళ్ళి తర్వాతి ఏళ్ళని.

నేను పట్టుకున్నది ఒక శవాన్ని. అది శూద్రకుడి మృచ్ఛకటికంలో ఉంది.

కథ తెలిసిందే. ఉజ్జయినిలో దానధర్మాలు చేసి చితికిపోయిన చారుదత్తుడు, అతన్ని ప్రేమించిన గణిక వసంతసేన, ఆమె వెంటపడే రాజుగారి బావమరిది శకారుడు. పుష్పకరండకమనే తోటలో శకారుడు వసంతసేన గొంతు నులిమి, చచ్చిందనుకుని ఎండుటాకులు కప్పేసి, ఆ నేరం చారుదత్తుడి మీదకి నెడతాడు. తొమ్మిదో అంకమంతా కోర్టు. పదో అంకంలో వధ్యస్థానానికి ఊరేగింపు. చివరి నిమిషంలో, బౌద్ధ భిక్షువు బతికించిన వసంతసేన వచ్చేస్తుంది, చారుదత్తుడు బతికిపోతాడు.

మా వీధిలో పోలీసు శాఖలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు. నేరం సంగతులు ఏవి రాసినా ముందు ఆయనకి చూపిస్తాను. తొమ్మిదో అంకం తెలుగులో విడిగా రాసిచ్చి చదవమన్నాను. మర్నాడు కాగితాలు పట్టుకుని మా అరుగు మీదకి వచ్చి కూర్చున్నారు.

“ఈ జడ్జి ముందు కేసు వినను పొమ్మన్నాడు, శకారుడు రాజుగారికి చెప్పి ఉద్యోగం తీయిస్తానన్నాక కూర్చోబెట్టి విన్నాడు. ఇక్కడ నాకు మీరేం విడమర్చి చెప్పక్కర్లేదు మేడం” అన్నారు.

“ముందుకు చదివారా?”

“చదివాను. వాడు నోరు జారి, ఎవరో చంపారు, నేను మాత్రం కాదు అనేశాడు. అడక్కుండానే! గుమాస్తా ఆ మాట రాశాడు. వీడు కాలితో చెరిపేశాడు. కోర్టు హాల్లో, జడ్జి కళ్ళెదుట రికార్డు చెరిపేస్తే ఒక్కడు కిక్కురుమనలేదు. సరే, దాన్ని వదిలేద్దాం. శవ పంచనామా ఎవరు చేశారు?”

“వీరకుడనే నగర రక్షకుడు గుర్రమెక్కి తోటకి వెళ్ళి చూసొచ్చాడండీ.”

“వీరకుడంటే, చారుదత్తుడి బండి తనిఖీ చేస్తుంటే తోటి రక్షకుడు చందనకుడి చేత తన్నులు తిన్నవాడేగా? వాడు కోర్టుకి వచ్చింది తన తన్నుల మీద ఫిర్యాదుకి. మాటల్లో బండి సంగతి చెప్పి సాక్షి అయిపోయాడు. ఆ సాక్షినే పంపి శవాన్ని చూసి రమ్మంటారా! పోనీ, వాడు ఏం చూశాడు?”

“జంతువులు పీక్కుతింటున్న ఆడమనిషి శవం. మిగిలిన జుట్టు, చేతులు, కాళ్ళని బట్టి ఆడమనిషని పోల్చుకున్నానన్నాడు.”

పెద్దాయన కాగితాలు పక్కన పెట్టారు. “ఆడమనిషని తేలింది, బాగుంది. వసంతసేన అని ఎక్కడ తేలింది? మా రోజుల్లో 174 కింద ఇంక్వెస్టు అంటే పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, రక్తసంబంధీకుల్ని పిలిపించి గుర్తింపజేసేవాళ్ళం. ఇప్పుడు చట్టం మారింది, సెక్షను నంబరు మారింది, పని అదే. ఆ పిల్ల తల్లి అక్కడే కోర్టులో ఉంది కదండీ! నగలు చూపించి, ఇవి నీ కూతురివేనా అని ఆవిణ్ణి అడిగారు. తోటకి తీసుకెళ్ళి శవాన్ని చూపించాలని ఒక్కడికీ తోచలేదేం?”

తోచలేదు. చూసొచ్చిన శవం వసంతసేనది కాదని పదో అంకం చెబుతోంది, ఆమె బతికే ఉందిగా. మరైతే ఆ శవం ఎవరిది?

జవాబు ఎనిమిదో అంకంలోనే, మనం దాటేసే చోట ఉంది. వసంతసేనని శకారుడి దగ్గర వదిలి కాస్త దూరం వెళ్ళిన అతని చెలికాడు విటుడు తిరిగొస్తూ, దారిలో ఒక చెట్టు కూలిందనీ, దాని కింద పడి ఒక స్త్రీ చనిపోయిందనీ చెబుతాడు. అపశకునం అనుకుంటాడు, ముందుకు నడిచి శకారుడితో మాటల్లో పడతాడు. అంతే. ఆమె పేరేమిటో, ఆ తోటకి ఎందుకొచ్చిందో, సాయంత్రానికి ఆమె కోసం ఎవరు ఎదురు చూశారో నాటకంలో లేదు. చారుదత్తుణ్ణి శూలం దాకా నడిపించిన సాక్ష్యాల్లో ఆమె శవం ఒకటి. వసంతసేన తిరిగొచ్చాక అందరూ సంతోషిస్తారు, రాజు మారతాడు, శకారుణ్ణి సైతం క్షమిస్తారు. చెట్టు కింద పోయిన మనిషిని ఎవరూ తలుచుకోరు.

నాటకకర్తగా శూద్రకుడిది తప్పని నేను అనను. కోర్టుకి ఒక శవం కావాలి, దాన్ని ముందే ఒక వాక్యంలో సిద్ధం చేసి పెట్టాడు. గట్టి పనివాడు చేసే పని అది. అసలు ఆయనా ఒకరకంగా నా వృత్తివాడే. 1912 నుంచి తిరువనంతపురంలో గణపతి శాస్త్రి గారు భాసుడివని ప్రకటించిన నాటకాల్లో నాలుగంకాలకే ఆగిపోయిన చారుదత్తం ఉంది. మృచ్ఛకటికం మొదటి నాలుగంకాలు దాన్ని పెంచి రాసినవేనని చాలామంది పండితుల నిర్ణయం. పాత కథ ఆగినచోట మొదలుపెట్టి ముందుకు తీసుకెళ్ళడం ఆయనకి తప్పు కానప్పుడు నాకూ కాదని ధైర్యం చెప్పుకున్నాను.

నా నవల నాటకం ముగిసిన మర్నాడు మొదలవుతుంది. డిటెక్టివ్ ఎవరంటే, ఆ కోర్టు గుమాస్తా. నాటకంలో అతనికి పేరు లేదు, కాయస్థుడని కులవృత్తి పేరే ఉంది. అతను రాసినదాన్నే శకారుడు కాలితో చెరిపాడు. వసంతసేన బతికొచ్చాక అతని రికార్డులో ఒక తప్పు మిగిలిపోయింది: ఫలానా చోట వసంతసేన శవం. దాన్ని కొట్టేయాలంటే ఆ చోట ఎవరి పేరు రాయాలి? కొత్త రాజు కింద ఉద్యోగం నిలబెట్టుకోవాల్సిన గుమాస్తాకి ఇంతకన్నా పెద్ద కారణం అక్కర్లేదు. తోటలో పూలు కోసి గుళ్ళకి, గణికల ఇళ్ళకి వేసే ఒక మనిషి ఆ రోజు నుంచి కనబడటం లేదు. ఆమె చెల్లెలు కోర్టు మెట్ల దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. చెట్టు కూలిందన్న మాట విటుడు తప్ప ఇంకెవరూ చెప్పలేదన్న సంగతి గుమాస్తాకి మెల్లగా తడుతుంది. ఆ విటుడు శకారుడి మనిషి. అక్కణ్ణుంచి కథ ఎటు పోతుందో ఇక్కడ చెబితే పుస్తకం అమ్ముడుపోదు.

ఎడిటరు గారికి ఈ ఏర్పాటు నచ్చలేదు.

“చారుదత్తుణ్ణే డిటెక్టివుగా పెట్టండి మేడం. పాఠకులకి తెలిసిన పేరు, బొమ్మ కూడా బాగా వస్తుంది.”

“ఆయన ఇంటికి దొంగ కన్నం వేస్తే, పోయిన సొమ్ము సంగతి తర్వాత, ముందు కన్నం ఎంత అందంగా ఉందో అని మెచ్చుకున్న మనిషండీ. ఆయన వల్ల కేసు తేలదు.”

“పోనీ మొదటి వారంలోనే శవం పడాలి కదా.”

“నాటకం రాసిన రోజు నుంచీ పడే ఉందండీ. ఇన్నాళ్ళూ ఎవరూ చూడలేదు.”

ఆయన నవ్వి ఒప్పుకున్నారు. ప్రతి వారం చివర ఒక మెలిక ఉండాలన్న షరతు మాత్రం వదల్లేదు. సీరియల్ రాసేవాళ్ళకి అది తప్పని శిస్తు. అయితే ఈ రకం నవలలో మెలిక కోసం కొత్త నేరాలు కల్పించుకుంటూ పోతే కావ్యం వెనకబడి పోతుంది, వేషాలు మాత్రం మిగులుతాయి. అందుకే పాత కథలో లేని హత్యని నేను తెచ్చి పెట్టను. ఉన్నదాన్ని, ఎవరూ అడగనిదాన్ని తీసుకుంటాను. నా పనికి నేను పెట్టుకున్న మొదటి నియమం ఇదే.

రెండో నియమం చూపుకి సంబంధించింది. వేలిముద్రల నిపుణుడు లేడు, రక్తపరీక్ష లేదు, ఫోటో లేదు. అందుకని ఆ కాలం మనుషులు గుడ్డివాళ్ళేం కారు. విశాఖదత్తుడి ముద్రారాక్షసం రెండో అంకంలో, చంద్రగుప్తుణ్ణి నిద్రలో చంపడానికి పడకగది గోడ లోపల సొరంగంలో మనుషుల్ని దాస్తారు. రాజు పడుకోబోయే ముందు చాణక్యుడు గది చూడటానికి వస్తాడు. గోడ పగులులోంచి చీమలు బారులు తీరి అన్నం మెతుకులు మోసుకొస్తున్నాయి. గోడలో మెతుకులు ఉన్నాయంటే తినేవాళ్ళు ఉన్నారు. ఆ గదికి నిప్పు పెట్టించేస్తాడు. వైద్యుడు తెచ్చిన మందు బంగారు పాత్రలో రంగు మారడం చూసి అందులో విషముందని పట్టేస్తాడు. ఈ రెండు చోట్లా అద్భుతశక్తి ఏదీ లేదు. కళ్ళున్నాయి, కార్యకారణం ఉంది. డిటెక్టివ్ నవలకి అంతకన్నా ఏం కావాలి?

అర్థశాస్త్రం నాలుగో అధికరణంలో హఠాత్తుగా చనిపోయినవాళ్ళ శవాన్ని పరీక్షించే ప్రకరణం ఉంది. శవానికి నూనె పూసి మరీ చూడమంటుంది. కాళ్ళూ చేతులూ ఉబ్బి, కళ్ళు తెరుచుకుని, మెడ మీద గుర్తులుంటే ఊపిరాడకుండా చేసి చంపారని అంటుంది. విషం అనుమానముంటే ఏం చూడాలో విడిగా చెబుతుంది. తర్వాత ఇంట్లోవాళ్ళని, పనివాళ్ళని విచారించమని, సవతుల మధ్య కక్షలు, ఆస్తి తగాదాలు, ఒకే వృత్తిలోవాళ్ళ పోటీ, వ్యవహారాల్లో పుట్టిన పగ ఆరా తీయమని వరస పెడుతుంది. మైసూరులో శామశాస్త్రి గారు 1909లో ఈ గ్రంథాన్ని అచ్చు వేయకపోతే నాలాంటివాళ్ళకి పని సగం లేనట్టే. తెలుగులో పుల్లెల శ్రీరామచంద్రుడు గారి వ్యాఖ్యానం నా బల్ల మీంచి దిగదు. మా గుమాస్తా తోటలో మిగిలిన ఎముకల దగ్గర ఏం చూడాలో ఈ ప్రకరణం చెప్పింది. ఎవర్ని అడగాలో కూడా అదే చెప్పింది.

కాలం లెక్క ఇంకో తంటా. ఘడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు, ఝాము అంటే మూడు గంటలు. నేరం జరిగిన తొమ్మిదిన్నరకి నేను ఫలానా చోట ఉన్నాను అనే సాక్ష్యం ఇక్కడ చెల్లదు. అందుకే ఇలాంటి నవలలో గడియారం బదులు ఏది ముందు, ఏది వెనక అన్నదాని మీద కథ కట్టాలి. మృచ్ఛకటికం ఆరో అంకమే దానికి పాఠం. చారుదత్తుడి బండివాడు పరుపు మరిచిపోయి వెనక్కి వెళ్తాడు. అదే సమయానికి ఊరి బండ్లు దారికి అడ్డం పడి శకారుడి బండి ఆ గుమ్మం ముందే ఆగుతుంది. వసంతసేన తెలియక అదెక్కుతుంది. పరుపుతో తిరిగొచ్చిన బండిలోకి చెరసాల తప్పించుకున్న ఆర్యకుడు దూరతాడు. ఒక పరుపు మరిచినందుకు ఒక ఆడమనిషి చావు అంచుదాకా పోతుంది, ఒకడు రాజవుతాడు. ఇందులో ఒక్క నిమిషం లెక్క కూడా లేదు. వరస మారితే మాత్రం కథంతా కుప్పకూలుతుంది.

ఇక చేతిపనులు. పుస్తకాల్లో రాసినదాన్ని చేసి చూసుకోకుండా నవలలో పెడితే పాఠకుడు పసిగడతాడు. మూడో అంకంలో శర్విలకుడు కన్నం వేసే ముందు పెద్ద ఉపన్యాసమే ఇస్తాడు. కాల్చిన ఇటుకైతే పీకాలి, పచ్చి ఇటుకైతే కోయాలి, మట్టి గోడైతే తడపాలి, కర్రదైతే చీల్చాలి. కన్నాలు ఏడు రకాలు: విచ్చిన తామర, సూర్యుడు, నెలవంక, బావి, ఇంకా మరికొన్ని. ఇటుక గోడకి పూర్ణకుంభం ఆకారమే అందమని తేల్చుకుంటాడు. కొలతాడు మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు. ఇదంతా హాస్యమేననుకుని నవ్వుకునేవాళ్ళం. మా అమ్మమ్మగారి ఊళ్ళో మట్టి అడుసుతో కట్టిన పాత ఇటుక ఇల్లు విప్పుతున్నారంటే వెళ్ళి తాపీ మేస్త్రిని అడిగాను, చప్పుడు కాకుండా ఈ గోడకి మనిషి పట్టేంత కంత చేయాలంటే ఎలాగని.

మేస్త్రి నన్ను ఎగాదిగా చూశాడు. “గునపంతో అయితే గంట పనండి, ఊరంతా లెగుద్ది. చప్పుడు రాకూడదంటే అడుసు తడిపి నానబెట్టి, ఒక్కో ఇటికా ఊపుకుంటా లాగాలండి. మొదటి ఇటికే కష్టం. అది వచ్చిందంటే మిగతాయి వత్తాయి.”

“కుండ ఆకారంలో తీస్తే?”

“అదే మంచిదండి. పైన సన్నగా ఉంటే మీద వరసలు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. పైన వెడల్పు చేశామనుకోండి, గోడ నెత్తిన కూకుంటది.” కాస్త ఆగి, “ఇంతకీ ఇయ్యన్నీ మీకెందుకండీ?” అన్నాడు.

కథ కోసమని చెప్పాను. నమ్మినట్టు లేడు. పూర్ణకుంభం వెనక అలంకారం ఒక్కటే కాదు, గోడ బరువు సంగతి కూడా ఉండి ఉంటుందని నాకు ఆ రోజు తట్టింది. శూద్రకుడు అంత దూరం ఆలోచించాడో లేదో నేను చెప్పలేను కానీ, మా నవలలో ఒక కన్నం పైభాగం ఎలా ఉందో చూసి ఇది చేయి తిరిగినవాడి పనో కాదో గుమాస్తా తేలుస్తాడు. ఆ ఆధారం మేస్త్రి పెట్టిన భిక్ష.

దొంగ సంచీ కూడా ఒక చోటే దొరకలేదు. శర్విలకుడు కన్నంలో ముందు బొమ్మ మనిషిని దూర్చి చూస్తాడు, దీపం ఆర్పడానికి పురుగుని వదులుతాడు. దండి దశకుమారచరితంలో అపహారవర్మ చంపానగరంలో దొంగతనానికి బయల్దేరినప్పుడు మోసుకెళ్ళే సామానులోనూ బొమ్మ తల ఉంది, తుమ్మెదల భరిణ ఉంది, కొలతాడు ఉంది, పట్టకారు ఉంది. ఇద్దరు రచయితలు, వేర్వేరు కథలు, సరంజామా మాత్రం ఒకటే. చోరశాస్త్రమనే మాట ఉత్త కవిసమయం అయ్యుండదని అక్కడ నమ్మకం కుదురుతుంది.

ఆ దశకుమారచరితాన్ని 13వ శతాబ్దంలో తెలుగులో రాసి తిక్కనకి అంకితమిచ్చినవాడు కేతన. అభినవదండి అని పేరు తెచ్చుకున్నాడు. ఆయనే యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరని విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు చేశాడు. అంటే దొంగల కథలు, దొంగల్ని విచారించే చట్టం ఒకే చేత్తో మనకి తెలుగులోకి వచ్చాయి. అపరాధ పరిశోధన రాసే తెలుగువాళ్ళెవరైనా కులదైవంగా పెట్టుకోదగ్గ కవి ఆయన. ఓరుగల్లు నేపథ్యంగా ఇంకో నవల మొదలుపెట్టినప్పుడు ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నాను.

ఓరుగల్లు ఎందుకంటే క్రీడాభిరామం ఉంది కనక. వినుకొండ వల్లభరాయుడి పేరున ఉన్న ఈ వీథి నాటకంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు స్నేహితులు ఒక రోజంతా కాకతీయుల రాజధాని వీధులు తిరుగుతారు. కోడిపందేలు, పొట్టేళ్ళ పందేలు, పాటలు పాడేవాళ్ళు, రూకకి పూటకూళ్ళింట్లో వడ్డించే భోజనం, ప్రతాపరుద్రుడి ప్రియురాలు మాచల్దేవి చిత్రశాల. ఒకడు మాటకారి, ఇంకొకడు వినేవాడు. ఊరంతా తిరుగుతారు, అందర్నీ పలకరిస్తారు, ఎక్కడా ఎవరూ అడ్డు చెప్పరు. పరిశోధకుల జంటని వెతుక్కోవాల్సిన అవసరమే నాకు లేకపోయింది. వాళ్ళని ఒక రోజు ఆలస్యంగా ఊళ్ళో ఉంచేశాను, అంతే.

కాకతీయుల కాలం రాసేటప్పుడు వంటింట్లో జాగ్రత్తగా ఉండాలి. ప్రతాపరుద్రుడు పాలించింది 1289 నుంచి 1323 దాకా. పోర్చుగీసువాళ్ళ ఓడల్లో మిరపకాయ మన దేశానికి చేరింది ఆ తర్వాత చాలా కాలానికి. కాబట్టి పూటకూళ్ళమ్మ పులుసులో మిరియం ఉండాలి, పచ్చిమిర్చి ఉండకూడదు. పొగాకు లేదు, టమాటా లేదు, బంగాళాదుంప లేదు. విషం కలిపిన కూర గురించి రాస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు. మిరియం ఘాటు దేన్ని దాచగలదో, దేన్ని దాచలేదో అన్నదాని మీదే ఒక ప్రకరణం నడిచింది.

శాసనాలు చదవడంలోనూ ఒక కిటుకు ఉంది. గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకుని ఇకముందు లాక్కోమని వర్తకులకి మాట ఇస్తుంది. చరిత్రకారుడు అందులో రాజు ఉదారతని, వర్తక విధానాన్ని చూస్తాడు. నాకు మొదట కనబడేది ఆ శాసనం రాకముందు లాక్కున్నవాళ్ళు. వద్దని రాయి మీద చెక్కించారంటే అంతవరకూ జరుగుతోందనే కదా! చెక్కించాక కూడా ఎవడో ఒకడు మానలేదనుకోండి, నవలకి నేరం సిద్ధం.

ఇక చట్టం. స్మృతుల్లో సాక్షులూ పత్రాలూ తేల్చలేని పెద్ద అభియోగాలకి దివ్యాలున్నాయి: తుల, అగ్ని, జలం, విషం, కోశం. మృచ్ఛకటికంలో చారుదత్తుడు కూడా కోర్టులో వీటిని తలుచుకుంటాడు. ఇవాళ్టి పాఠకుడికి ఇది మూఢనమ్మకం. నా పాత్రలకి మాత్రం ఇది గడువు. నిందితుడు కాలిన ఇనుము పట్టుకునే రోజు నిర్ణయమైపోతే, నా జంట ఆలోగా ఊరంతా తిరిగి నిజం పట్టుకురావాలి. ఆ మనుషులు దివ్యాన్ని నమ్ముతారు, నమ్ముతూనే భయపడతారు. వాళ్ళలో ఒకణ్ణి మన కాలపు హేతువాదిగా మార్చి అందరి మీదా గెలిపించడం తేలిక పని. అలా చేస్తే అది ఓరుగల్లు అవ్వదు, ఓరుగల్లు సెట్టింగులో మన వీధి అవుతుంది.

పాఠకుల ఉత్తరాల్లో తరచూ ఒకే ప్రశ్న వస్తుంది: ఇది మూలంలో ఉందా, మీరు పెట్టారా? న్యాయమైన ప్రశ్న. కావ్యం పేరు చెప్పి పుస్తకం అమ్ముకుంటున్నప్పుడు లెక్క అప్పజెప్పాలి. అందుకని ప్రతి నవల చివరా ఒక పేజీ ఇస్తాను. చీమల బారు విశాఖదత్తుడిది, కాలితో చెరిపిన రాత శూద్రకుడిది, పూలు కోసే మనిషీ ఆమె చెల్లెలూ నావాళ్ళు. ఈ పేజీ వల్ల మిస్టరీ పలచబడుతుందని ఒక ప్రచురణకర్త బాధపడ్డారు. పలచబడలేదు. ఆ పేజీ చదివి మూలం వెతుక్కున్నామని రాసినవాళ్ళున్నారు. నాకు వచ్చిన ఉత్తరాల్లో దాచుకున్నవి అవే.

ఈ దారిలో రాయాలనుకునే కుర్రవాళ్ళు నా దగ్గరికి వస్తే నాయకుణ్ణి వదిలేయమంటాను. రాజు, మంత్రి, గణిక గురించి కవి చెప్పాల్సిందంతా చెప్పేశాడు. శకారుడి నేరం తెలిసిన బండివాడు స్థావరకుణ్ణి గొలుసులతో కట్టి పడేస్తే మేడ మీంచి దూకి వచ్చి అరిచాడు, బానిస మాట కాబట్టి ఎవరూ నమ్మలేదు. అలాంటివాళ్ళని చూడండి. ఒక్క వాక్యంలో వచ్చి పోయినవాళ్ళని, కోర్టులో మాట చెల్లనివాళ్ళని, పేరైనా దక్కనివాళ్ళని చూడండి. వాళ్ళకేం జరిగిందని అడగండి. ఆ ప్రశ్నకి జవాబు ఆ కాలం చట్టంలో, ఆ కాలం వంటింట్లో, ఆ కాలం గోడల్లో వెతకండి. చారిత్రక అపరాధ పరిశోధన అంటే నాకు తెలిసినంతలో ఇంతే.

పాఠకులకి ఒక్క మనవి. తిరుపతి వేంకట కవులు మృచ్ఛకటికాన్నీ, ముద్రారాక్షసాన్నీ తెలుగు చేసి పెట్టారు. క్రీడాభిరామం తెలుగులోనే ఉంది, చిన్న పుస్తకం. ముందు అవి చదవండి, రంగసూచనలతో సహా చదవండి. నా నవలలు తర్వాత చూద్దురుగాని.